ఏడో ప్రశ్న

శంషాబాద్,
14-11-1996, గురువారం.

రేవతక్కకు సింధూర నమస్కరించి రాయునది. ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. అక్కడ నువ్వూ, బావగారూ, చిన్నదీ క్షేమమని తలుస్తాను.

నా పరిశోధన సంగతి నీకు తెలుసుగా, దొంగతనం జరిగినా జనం పోలీసులకు ఎందుకు చెప్పరన్నది. మహేశ్వరం వైపు ఒక ఊళ్లో ముప్ఫై ఇళ్లు తిరిగాను. పంతొమ్మిది ఇళ్లవాళ్లకి బోరు మోటారో, వైరో, మేకలో పోయాయి. ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదన్నది నా ఫారంలో ఏడో ప్రశ్న. స్టేషన్ దూరమా, భయమా, చిన్న వస్తువా, ఎలాగూ దొరకదనా? అన్నిటికీ కాదంటారు. మరేమిటంటే నవ్వి మజ్జిగ ఇస్తారు. పంతొమ్మిది ఫారాల్లోనూ "ఇతరం" దగ్గర టిక్కు పెట్టుకొచ్చాను. మా గైడు నరసింహమూర్తిగారు అవన్నీ నా ముందు పడేసి, ఇతరం మీద పీహెచ్‌డీ ఇవ్వరమ్మా అన్నారు. నెల రోజులుగా మజ్జిగ తాగడానికే బస్సెక్కుతున్నట్టుంది నా బతుకు.

ఇది చాలదన్నట్టు సోమవారం టేప్ రికార్డర్ పోయింది. ఆదివారం మీరొచ్చినప్పుడు చిన్నది పాట పాడి రికార్డు చేయించుకుందే, అదే. ఆ ఊళ్లో రుక్కమ్మ అనే ఆవిడ అరుగు మీద సంచి పెట్టి, నాలుగిళ్లు తిరిగొచ్చి చూస్తే అందులో లేదు. ఫిర్యాదు చెయ్యని వాళ్లందరికీ బుద్ధొచ్చేలా నేరుగా స్టేషన్‌కి వెళ్లి రాసిచ్చాను.

గంటలో జీపు వెళ్లి జంగయ్యని ఎక్కించుకొచ్చింది. పదేళ్ల కిందట వైరు దొంగిలించి ఆరు నెలలు జైల్లో ఉన్నాడట. ఇప్పుడు ఊళ్లో మోటార్లన్నీ అతనే బాగుచేస్తాడు. నిన్న వెళ్తే ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు. రుక్కమ్మ తలుపు సగమే తీసి, "ఊర్ల ఏం పోయినా ముందుగాల జంగయ్యనే పట్టుకపోయి కొడ్తరు బిడ్డా. మోటరు పోతే ఇంకోటి తెచ్చుకుంటం. మనిషి పోతే ఏడికెళ్లి తెస్తం? గందుకే చెప్పం" అని తలుపేసుకుంది.

ఈ ముక్క నెల కిందటే చెబితే వీళ్ల సొమ్మేం పోయింది? ఒళ్లు మండిపోతోందక్కా. నాకేం జ్యోతిషం వచ్చా? అతను తియ్యకపోతే పోలీసులే వదిలేస్తారు, నేనెందుకు ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి? కానీ ఇవాళ్టికి నాలుగో రోజు, ఇంకా వదల్లేదు. అన్నం సయించడం లేదు. నా తప్పుందంటావా? వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు,
సింధూర

తా.క. కవరు అంటించబోతుంటే ఇంటివాళ్లు నీ ఫోన్ వచ్చిందని పిలిచారు. తన పాట ఉందని చిన్నది టేప్ రికార్డర్‌ని మీ సంచిలో దాచుకొచ్చిందని నవ్వుతూ చెప్పావు. నేను సగంలోనే ఫోన్ పెట్టేశాను, అందుకే ఈ ఉత్తరం పంపుతున్నాను. చిన్నదాన్నేమీ అనకు. అటునుంచే స్టేషన్‌కి పరుగెత్తాను. జంగయ్యని వదిలారు. అతని కుడిచెయ్యి వాచింది, వేళ్లు ముడవడం లేదు. నన్ను చూసి, మీ వస్తువు దొరికిందా అమ్మా అని ఒక్కటే అడిగాడు. దొరికిందన్నాను. గదికొచ్చి ముప్ఫై ఒకటో ఫారం నా పేరున నింపాను. వస్తువేమైనా పోయిందా? లేదు. పోలీసులకు చెప్పారా? చెప్పాను.