చెడుగుడులో పట్టేవాడు

1959 మాఘం, ఆదివారం

ఈ రోజు మన వేప్పనపల్లిలో చెడుగుడు పందెం. నేను ఇంట్లో రాగులు చెరుగుతుంటే పక్కింటి మునెమ్మక్క వచ్చి, "ఏమ్మా, నీ మొగుడు చచ్చినాడు!" అంది. నా చేతిలోని చేట జారిపోయింది. "అయ్యో పిచ్చిదానా, ఆటలో చచ్చినాడే! మనోళ్ళు ఒకణ్ణి పడితే మళ్ళీ బతుకుతాడులే" అని పడిపడి నవ్వింది.

సిగ్గుపడుతూనే వెళ్ళి ఆమె వెనక నిలబడి చూశాను. మనవాళ్ళు అవతలివాణ్ణి పట్టారు. ముందు చచ్చినవాడే ముందు బతకాలి కాబట్టి, గీత బయట కూర్చున్న ఆయన లేచారు. కెప్టెన్ మాత్రం, "నువ్వు కూచోప్పా, మోకాలు సరిలేదు కదా" అని, ఆయన తర్వాత చచ్చినవాణ్ణి లోపలికి పిలిచాడు. కూతకు వచ్చినవాడి కాలు పట్టుకుంటే వదలని మనిషి ఆయన. మొన్నటిదాకా ఎనిమిదేళ్ళపాటు ఊరూరి జట్లవాళ్ళు బండి పంపి మరీ పిలిపించుకునేవాళ్ళు.

ఇంటికి వచ్చాక మోకాలికి ఆముదం రాస్తూ, "వచ్చే వారం కల్లావి ఊళ్ళో ఆటకు పిలిచినారా?" అన్నాను.

"పిలిచినారు" అన్నారు. పంచె మోకాలి మీదికి లాక్కుంటూ, "చూసేదానికి" అన్నారు.

ఆ మోకాలి వాపు చూడలేక, ఈయన ఆట మానేస్తే వంద టెంకాయలు కొడతానని గంగమ్మకు మొక్కుకున్నది నేనే. ఆయనకు తెలియదు. ఇప్పుడా మొక్కు ఏ ముఖంతో తీర్చేది...