తెగిన తోక ఈదింది

గుంటూరు, ఆగస్టు 1962, బుధవారం

ఇంకా కోపంతో ఒళ్లు మండిపోతూనే ఉంది. ప్రత్తిపాడు కుంటలో మోకాటిలోతు దిగి తెచ్చిన నత్తల్లోంచి, గేదెల ఒంట్లో చేరే చదునుపురుగుల లార్వాలు ఈ ఉదయం గిన్నెలోని నీళ్లలోకి బయటికొచ్చాయి. మైక్రోస్కోపు కింద ఒకదాని తోక తెగిపోయింది. మొండెం అడుక్కి జారింది. తోక మాత్రం ఒంటరిగా ఈదుతూనే ఉంది! అంటే ఈతను నడిపే నరాలూ కండరాలూ ఆ తోకలోనే ఉన్నాయన్నమాట. పరుగున వెళ్లి మా జువాలజీ డిపార్ట్‌మెంటు హెడ్డుగారిని పిలుచుకొచ్చాను.

"తెగిన బల్లి తోక కూడా కొట్టుకుంటుంది కదమ్మా సలోమీ! రేపు ఇన్‌స్పెక్షన్, ఈ మురికెందుకిక్కడ?" అంటూ గిన్నె సింకులో ఒంపేశారు.

"మురికి కాదండీ, అది నా పని," అన్నాను. ఆయన చేతిలోంచి గిన్నె లాక్కోనందుకు నా మీద నాకే కోపం.

మళ్లీ నత్తలు తేవాలి. ఈసారి గిన్నె ఆయన కంటపడకుండా... అసలెందుకు దాచాలి? బల్ల మధ్యలోనే పెడతాను.