జమ్మి ఎవరు ముందు పెట్టాలి

సెప్టెంబర్ 21, ఆదివారం

చిట్యాల బస్టాండ్ హోటల్లో ఈ రోజు కూడా చంద్రమ్మ నా ఎదురుగా కూర్చుని టీ తాగింది. రిటైరైన నర్సు. భర్త లేడు, నాకు భార్య లేదు. నేను చదివిన నవలలు చెబితే చివరిదాకా వింటుంది. ఈ ఊళ్లో ఇంకెవరూ వినరు. మిగిలిన రోజులు నాతో ఉండమని అడగాలని ఉంది. అడగను. వెంటపడ్డ మగవాడు ఏ పుస్తకంలోనైనా నవ్వులపాలే.

సెప్టెంబర్ 23

రాంచందర్ గాడు మా టేబుల్‌కే వచ్చాడు. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైనవాడు. జీవితంలో చదివింది రాశిఫలాలు. ఇంటర్ నా నోట్సుతో పాసై, పెళ్లికి నన్ను తప్ప ఊరందరినీ పిలిచాడు. ఆ భార్య ఇప్పుడు లేదు. చంద్రమ్మ మోకాళ్లకు ఏదో నూనె తెచ్చాడు. ఆమె నవ్వింది.

నూనెకు నవ్వే మనిషికి నవలలెందుకు?

సెప్టెంబర్ 27

తమ్ముడి మనవరాలు తేజస్విని నా దగ్గరుండి గ్రూప్స్‌కు చదువుతోంది. అంతా కనిపెట్టేసింది. "గింత ఈగో ఏంది తాతా? ముందుగాల అడిగినోడు చిన్నగైతడా?" అంది.

అవుతాడన్నాను. వాళ్ల బ్యాచ్‌లో ఆడపిల్లలే ముందు ప్రపోజ్ చేస్తున్నారట. అయితే చంద్రమ్మనే చేయమను అన్నాను. పుస్తకంలో తల దూర్చేసింది.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. ఉపాయం దొరికింది.

దసరానాడు జమ్మి ఆకును చిన్నవాళ్లే పెద్దల ఇంటికి తెచ్చి చేతిలో పెట్టాలి. చంద్రమ్మ నాకంటే చిన్నది. ఆమే రావాలి. ఆకు అందుకుని అప్పుడు అడుగుతాను. ముందు వచ్చింది ఆమే అవుతుంది.

అక్టోబర్ 2, ఉదయం

దసరా గాంధీ జయంతి రోజే పడింది. మటన్ లేదని ఊరంతా గొణుగుతోంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. వాకిట్లో రెండు కుర్చీలు.

సాయంత్రం 7

అందరూ వచ్చారు, ఆమె తప్ప. తేజస్విని బయట విని వచ్చి చెప్పింది. రాంచందరే జమ్మి పట్టుకుని చంద్రమ్మ ఇంటికి పోయాడట. నా ఈడువాడు! పెద్దోడివి నువ్వొచ్చుడేందని ఆమె అడిగితే, "కూసున్నకాడికి బంగారం నడిచొస్తదా?" అన్నాడట. జమ్మిని బంగారమనే అంటారు కదా, ఆ మాటకు వాడకట్టంతా మురిసిపోతోంది.

సిగ్గులేని జన్మ.

అక్టోబర్ 3

రాలేదు.

అక్టోబర్ 5

వచ్చింది. గేటు బయట రాంచందర్, బండి ఇంజన్ కూడా ఆపలేదు. నేను లేచి నిలబడ్డాను. దాచుకున్న వాక్యం నాలుక మీదే ఉంది.

వాడిన జమ్మి నా చేతిలో పెట్టి, ఆ మోకాళ్లతోనే వంగి నా కాళ్లకు మొక్కింది.

"బుధవారం కోటంచ గుడిల మా లగ్గం. నా దిక్కు పిలగాని కాళ్లు గడిగేటోళ్లు ఎవ్వల్లేరు. నాకు పెద్దన్నవు నువ్వే. జర రా అన్నా."

పెద్దవాడిననే కదా కూర్చున్నాను. వస్తానన్నాను.

అక్టోబర్ 8

కడిగాను. వాడి మడమ పగుళ్లలో ఇంకా బొగ్గు ఉంది. ఎన్ని నీళ్లు పోసినా పోలేదు.