నారాయణప్ప గొంతుకు గెయిన్ ఎంత

ఫిబ్రవరి 9

రాప్తాడులో నాటకం. నారాయణప్ప ఎప్పటిలాగే రాజు వేషం. మిక్సర్‌లో అతని మైకు గెయిన్, అంటే మైకు గొంతును లాక్కునే బలం, ఈరోజు మూడు గంటల దగ్గర పెట్టాల్సి వచ్చింది. నాబ్ మీది తెల్ల గీతను గడియారం ముల్లులాగే చూసుకుంటాను నేను. ఒకప్పుడు అతనికి పదకొండు చాలు, పన్నెండు దాకా కూడా తిప్పక్కర్లేదు. పదకొండులోనే శబ్దం మితిమీరి ఎర్ర లైటు వెలిగి నన్ను భయపెట్టేది.

గెయిన్ పెంచితే గొంతొక్కటే పెరగదు కదా. జనరేటర్ రొద, గజ్జెలు, పక్కవాళ్ల దగ్గు, అన్నీ వస్తాయి. హార్మోనియం ఖాసీం పట్టేశాడు.

"ఏమన్నా, నా పెట్టె తిత్తి గాలి గూడా బాక్సుల్లో వినపడతాండాది?"

నవ్వేశాను. పెట్టె ముసలిదైందిలే అన్నాను.

ఫిబ్రవరి 10

నవ్వకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 16

లక్ష్మిదేవి మా మైకుసెట్ల షాపుకి వచ్చింది. నారాయణప్ప భార్య ఒంటరిగా ఇక్కడికి రావడం ఇదే మొదలు. వైర్ల మధ్య స్టూలు మీద కూర్చుంది, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఇంట్లో అన్నం పెట్టమంటే పక్కనున్న నాకే వినపడదు. స్టేజీ మీద అంత గొంతు యాడ నుంచి వచ్చాదన్నా?"

మైకు ముందుకొస్తే కళాకారులకు పూనకం వస్తుందమ్మా అన్నాను. పాడు నోరు.

ఆమె నవ్వలేదు. బెంగళూరులో చూపించారట. గొంతు పెట్టె మీద గడ్డ. పెట్టె మొత్తం తీసేయాలట, ఆలస్యమైతే మనిషే దక్కడట. అతనేమో ఒప్పుకోవడం లేదు. "నువ్వన్నా చెప్పు, నీ మాటంటే ఇంటాడు."

నా మాటంటే... అవును.

ఫిబ్రవరి 18

వాళ్ల ఇంటికి వెళ్లాను. మిరియాల కషాయం తాగుతున్నాడు. మాట్లాడితే గొంతులో గరగర. దగ్గరికి వంగి వినాల్సి వచ్చింది.

"డాక్టర్లకేం తెలుసు రా ఈరన్నా. మొన్న రాప్తాడులో చూసినావు గదా, ఎట్ల ఈలలేసినారో. గొంతు పోయినోనికి ఈలలేచ్చారా?"

లక్ష్మిదేవి తలుపు దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. కషాయం గ్లాసు నేనే తీసుకెళ్లి కడిగిపెట్టి వచ్చేశాను.

ఫిబ్రవరి 19

మూడేళ్లయింది ఇది మొదలై. ఒక జాతరలో పైస్థాయి అందలేదు అతనికి. వెంట్రుకవాసి పెంచాను. ఆ తర్వాత జాతరకు ఇంకొంచెం. గెయిన్ మరీ పెంచితే మైకు కూస్తుంది కాబట్టి బాక్సులను నడిపే ఆంప్లి కాస్త తగ్గించాను. మిగతా వేషగాళ్ల మైకులు కిందికి లాగాను, అతనిదే పెద్దగా వినపడాలని. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. "ఈరన్న సెట్టయితేనే నారాయణప్ప గొంతు ఖంగుమంటాది" అని ఊళ్లల్లో అనేవాళ్లు. ఆ మాట నాకు తియ్యగా ఉండేది.

గొంతు పోతున్న సంగతి జనానికి వినపడలేదు, సరే. అతనికే వినపడకుండా చేశాను. బాక్సుల్లోంచి వచ్చేదే తన గొంతనుకున్నాడు. వచ్చే నాటకం శింగనమలలో. అతని అసలు గొంతు అతనికి మైకు టెస్టింగ్ అప్పుడే వినిపించాలి, జనం రాకముందు.

ఫిబ్రవరి 23

శింగనమల. మధ్యాహ్నం. ఖాళీ మైదానం, ఎండ, స్టేజీ నీడలో రెండు కుక్కలు. గెయిన్ పదకొండుకు తెచ్చాను.

పద్యం ఎత్తుకున్నాడు. బాక్సుల్లో గాలి. ఎక్కడో ఒక అక్షరం.

"పెంచప్పా."

పెంచలేదు.

"ఏమైంది, చెడిపోయినాదా?"

"లేదు. మూడేండ్ల కిందట నీకు ఈడనే పెడతాంటి."

మైకును నోటికి ఆనించుకొని మళ్లీ పాడాడు. గొంతు అందితే వెలిగే పచ్చలైటు కూడా సరిగా వెలగలేదు. స్టేజీ దిగి వచ్చి నాబ్ మీది గీతను చూశాడు.

"అంటే... ఆ ఈలలు?"

నాబ్ చుట్టూ మూడు గంటల చోటు వేలితో చూపించాను.

"నువ్వు అప్పుడే చెప్పింటే రా..."

అంతవరకే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. పోయి ముఖానికి రంగేసుకోవడానికి కూర్చున్నాడు.

సాయంత్రం ఊరంతా వచ్చింది. నేను పెంచాను. మూడు కూడా దాటించాను. ఈలలు వచ్చాయి. అతను జనం వైపు చూడలేదు. పద్యం పొడుగునా నా చేతినే చూస్తూ పాడాడు.

ఫిబ్రవరి 24

సామాను బండిలోంచి దించబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 27

లక్ష్మిదేవి ఫోన్. ఒప్పుకున్నాడట, సోమవారం బెంగళూరు ప్రయాణం. "నీ పుణ్యమే అన్నా, నువ్వు చెప్పినాకనే మనసు మారినాదంట." ఆమెకు అసలు సంగతి చెప్పలేదన్నమాట అతను. నన్ను కాచాడు.

ఫోన్ పెట్టేయబోతూ అంది... ఒక ఏడాది ముందు వచ్చింటే కరెంటు పెట్టి గడ్డను కాల్చేవాళ్లట, గొంతు నిలిచేదట.

ఏడాది కిందటికే నేను రెండేళ్లుగా పెంచుతున్నాను.

మార్చి 1

పొద్దున్నే షాపుకి వచ్చాడు. గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా.

"రికార్డు చెయ్యి. ఎల్లుండి నుంచి ఇదీ ఉండదు. పెంచొద్దు. ఉండేది ఉండేట్లే."

మైకు పెట్టాను. గెయిన్ పదకొండు. ఒకే పద్యం పాడాడు, కళ్లు మూసుకొని. చివర రాగం తీయడానికి నోరు తెరిచాడు, గాలే వచ్చింది, అయినా పూర్తయ్యేదాకా తీశాడు. ఫ్యాను ఆపాను, అయినా నాకు సగమే వినపడింది. ఏడుపొచ్చింది. వైరు సర్దుతున్నట్లు కిందికి వంగాను.

"యాదీ, ఇనిపించు."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వచ్చేదాకా ఉంటానన్నాడు. గుమ్మంలో స్టూలేసుకొని రోడ్డు మీద బస్సులు చూస్తున్నాడు. నేను లోపల కూర్చొని ఇది రాస్తున్నాను.

రికార్డు చేసేటప్పుడు పెంచొద్దన్నాడు. వినిపించేటప్పుడు ఎంతలో పెట్టాలో చెప్పలేదు. ఆంప్లి తక్కువలో ఉంచితే తన ఆఖరి పద్యం తనకే వినపడదు. పెంచితే... మళ్లీ అదే పని నాది.

ఇన్నేళ్లుగా ఈ చేత్తో లెవెళ్లు పెడుతున్నాను, ఈ ఒక్కదానికి ఎంతో తెలియడం లేదు.

కరెంటు వచ్చింది. లేచి లోపలికి వస్తున్నాడు.