దాచిపెట్టిన ఇంజను

హమ్రియా, మస్కట్.

భార్య గౌరవ్వకు, నేను క్షేమం. పడవ పని అంటే భయపడ్డావట. ఆ పడవ ఇప్పుడు ఒడ్డున ఇసుక మీద ఉంది, నీళ్లలో దిగే పనే లేదు.

మా ఇంజనీరు దొర వేసవి సెలవుకు వాళ్ల దేశం వెళ్తూ, వచ్చేదాకా పడవ పాడవకుండా చూడమన్నాడు. ఏడాదిలో దాన్ని వాడిందే తక్కువ. కడప మెకానిక్ ఖాదర్‌కు సాయంగా నేను వెళ్లాను. సముద్రపు నీరే లోపల తిరిగి ఇంజనును చల్లబరుస్తుందట. పడవ వెనక బిగించిన ఆ ఇంజను మూత విప్పితే గొట్టాల నిండా తెల్లగా పేరుకుంది. గీకి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. నిలవున్న పెట్రోలు తుమ్మజిగురులా మారింది.

"తిరిగే ఇంజనుకేం గాదప్పా, ఊరికే పెట్టిందే చెడిపోతాది" అన్నాడు ఖాదర్.

పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి, మాకు స్నానానికే ఒక్క బకెట్టు నీళ్లు దొరికే ఈ చోట, డ్రమ్ము నిండా మంచినీళ్లు పట్టి అందులో ఇంజనును నడిపి కడిగాడు. తర్వాత లోపల నూనె పోసి చేత్తో తిప్పితే, ఆ ఇనుము మెల్లగా ఊపిరి వదిలింది.

మన బావి దగ్గరి ఇంజనుకు తాళం వేశావని, నేను వచ్చేదాకా నా తమ్ముడు పెద్దులుకైనా ఇవ్వవని రాయించావు. ప్రేమతోనే చేశావు. కానీ కార్డు అందిన రోజే తాళంచెవి వాడికివ్వు. పాత డీజిల్ తీసేసి, కొత్తది పోసి మడికి నీళ్లు పెట్టుకోమను.

బర్రె ఈనిందా? అమ్మ దగ్గు తగ్గిందా? పెద్దలకు దండాలు. సాయంత్రం పొలం వైపు నుంచి ఇంజను చప్పుడు వినబడితే, నేను ఊళ్లోనే ఉన్నాననుకో.

గంగారాం