గుప్పెడు వేపుడు

ఏమండీ,

అన్నం, ఆకుకూర పొయ్యి పక్కనే ఉన్నాయి. ముందు అవి తినండి. బంగాళాదుంప వేపుడు గిన్నె మీద మూత పెట్టాను.

డాక్టరమ్మ గుప్పెడు తినొచ్చంటే, నిన్న మీరు బస్తాలు మోసే మీ తమ్ముణ్ణి పిలిపించి ఆయన చేత్తో కొలిపించారు. పైగా ఆయన, "ఎవరి గుప్పెడో ఆవిడ చెప్పలేదుగా వదినా!" అని నాకే ఎదురు చెప్పాడు. మూకుడు ఊడ్చిపెట్టుకుపోయింది.

పొద్దున డాక్టరమ్మకే ఫోన్ చేసి అడిగాను. ఆవిడ నవ్వాపుకోలేక, "ఇష్టమైనది మాన్పించకమ్మా. కూరలతో పాటు కొంచెం పెట్టి, తిన్నాక నడిపించు" అంది.

మొన్న మెట్ల మీద మీరు ఆయాసంతో గోడ పట్టుకుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందుకే ఈ రోజు నా గుప్పెడే.

కొలిచాక మనసొప్పక ఇంకాస్త వేశాను. ఆవిడకు చెప్పకండి.