కీర్తన పక్కన పెన్సిల్‌తో రాసిన పేర్లు

సెల్లె పట్టణంలో ఉంటున్న ఆగ్నెస్ ఫాన్ వెల్లిన్ అను నేను, యాభై ఆరేళ్ల దానిని, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేక, దేవుడు చూస్తుండగా నా చేత్తో రాస్తున్న వీలునామా. ఇంతకుముందు రాసినవి చెల్లవు. దీన్ని అమలు జరపవలసినవారు మా పాస్టర్ బ్రూన్స్ గారు.

1. కుట్టుమిషను, పరుపులు నా చెల్లెలు ఇర్మ్‌గార్ట్‌కు. "అక్కా, ఈ మిషను నీలాంటిదే, మూలుగుతుంది గానీ ఆగదు" అనేది. నూనె వేయడం మరవవద్దు.

2. మా తమ్ముడు మేజర్ ఎబర్‌హార్ట్ బూడిదరంగు కోటు, చలికి కోటు లేనివారెవరికైనా. 1944 వసంతంలో అది వేసుకునే వచ్చాడు. హిట్లర్‌ను చంపాలనుకున్న అధికారుల్లో తానూ ఒకడినన్నాడు. "అక్కా, ఆ మనిషికి లోబడి ఉంటానని దేవుడి పేరున ప్రమాణం చేశాను. తప్పితే నరకమేనా?" అని అడిగాడు. "నరకం సంగతి తర్వాత, సూప్ చల్లారిపోతోంది" అన్నాను. అంతకన్నా మంచి జవాబు ఇప్పటికీ దొరకలేదు. వెళ్తూ, "మా కోసం ప్రార్థించు. పేర్లు మాత్రం ఎక్కడా రాయకు" అన్నాడు.

3. నా కీర్తనల పుస్తకం ఇర్మ్‌గార్ట్‌కు. ఎవరికోసం ప్రార్థిస్తామో వారి పేరు సాయంకాల కీర్తన పక్కన పెన్సిల్‌తో రాయడం మా అమ్మ నేర్పిన అలవాటు. రాయనిదే ప్రార్థించినట్టు ఉండేది కాదు. ఆ రోజు తమ్ముడు గడప దాటగానే రాశాను: "ఎబర్‌హార్ట్, విల్‌ఫ్రిడ్. వారి చేతులు వణకనీయకు ప్రభువా."

విల్‌ఫ్రిడ్ ఓస్టెన్ తమ్ముడి స్నేహితుడు, ఆ పనిలో తోడు, ఇర్మ్‌గార్ట్‌కు కాబోయే భర్త. జూలైలో బాంబు పేలింది, హిట్లర్ బతికాడు. విల్‌ఫ్రిడ్ మర్నాడే పట్టుబడ్డాడు. వారం తర్వాత, నేను ఒంటరిగా ఉండగా, పోలీసులు ఇల్లు సోదా చేశారు. ఒకడు ఆ పేజీ చదివి, "అమ్మగారూ, మీ ప్రార్థన మాకు చేరింది" అని నవ్వాడు. తమ్ముణ్ణి ఆ సాయంత్రమే పట్టుకున్నారు. సెప్టెంబరులో ఉరితీశారు.

యుద్ధం ముగిశాక విల్‌ఫ్రిడ్ జైలు నుంచి నేరుగా మా గుమ్మానికి వచ్చాడు. ప్రాణం దక్కించుకోడానికి అన్నయ్యను అప్పజెప్పావంది ఇర్మ్‌గార్ట్. తన నోటి నుంచి వాడి పేరు రాలేదన్నాడు. "మరి గోడలు చెప్పాయా?" అని ఉంగరం విసిరికొట్టింది. నేను వంటింట్లో బంగాళాదుంపలు ఒలుస్తున్నాను. కత్తి ఆగింది. నేను బయటికి రాలేదు.

రాయడం పొరపాటు. వంటింట్లో ఉండిపోవడం పాపం. తొమ్మిదేళ్లుగా ఎవరి పేరూ రాయలేదు. అయినా సాయంకాల కీర్తన ఎత్తుకుంటే, నాకన్నా ముందు ఆ పోలీసు గొంతే అందుకుంటుంది.

4. ఆనాడు వంటింట్లోకి దొర్లివచ్చి పొయ్యి కింద నాకు దొరికిన ఉంగరం పాస్టర్ గారు హానోవర్‌లో ఉన్న విల్‌ఫ్రిడ్‌కు పోస్టులో పంపాలి.

సాక్షులు ఇదంతా చదవకుండా సంతకం పెట్టకూడదు.

సెల్లె, 1954 నవంబరు 21, మృతుల స్మరణ ఆదివారం.

ఆగ్నెస్ ఫాన్ వెల్లిన్

సాక్షులు:
హైన్రిష్ బ్రూన్స్, పాస్టర్.
ఇర్మ్‌గార్ట్ ఫాన్ వెల్లిన్. మూడోది రెండుసార్లు చదివాను. ఉంగరం పోస్టులో పంపొద్దు, నేనే తీసుకెళ్తాను.